దోహాలో కనిపించని పిల్లల పళ్లు

డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్మారకోపన్యాస పాఠం

బోస్టన్ నగరంలో 1914లో పేద పిల్లల కోసం ఒక పళ్ల ఆసుపత్రి తెరిచారు. ఫోర్సైత్ డెంటల్ ఇన్ఫర్మరీ అని దాని పేరు. ఫ్యాక్టరీ కూలీల పిల్లలు, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు అక్కడికి వచ్చేవారు. నామమాత్రపు రుసుము తీసుకుని వాళ్లకు వైద్యం చేసేవారు. అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టా పుచ్చుకున్న ఒక బెంగాలీ యువకుడు 1918 దాకా ఆ ఆసుపత్రిలో పనిచేశారు. ఆయనే డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. స్వదేశానికి తిరిగొచ్చి 1920లో కలకత్తాలో భారతదేశపు తొలి దంతవైద్య కళాశాల స్థాపించారు. దానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు. ఆయనే న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం పెట్టి, దాని రాబడితో కళాశాల నడిపారు. మహమ్మదలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా దంతవైద్యం చదివింది అక్కడే. 1949లో ఆ కళాశాలను ఆయన ప్రభుత్వానికి అప్పగించేశారు. ఆయన పుట్టిన డిసెంబరు 24ను దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుతున్నారు.

అహ్మద్ జీవితంలో పెద్ద పదవులున్నాయి, పద్మభూషణ్ ఉంది. వాటన్నిటికంటే ఫోర్సైత్‌లో గడిపిన ఆ మొదటి ఏళ్లే ఈ ఉపన్యాసానికి ముఖ్యం. పేద పిల్లల పళ్ల దగ్గర రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. నోట్లో పుచ్చుపన్ను ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న. వచ్చిన పుచ్చు ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చక్కెరలో, నీళ్లలో, బ్రష్‌లో దొరుకుతుంది. రెండోదానికి జవాబు తండ్రి జీతంలో ఉంటుంది. ఖతార్‌లో ఈ రెండు ప్రశ్నలూ విడిపోయిన తీరు ప్రపంచంలో చాలా తక్కువచోట్ల కనిపిస్తుంది. దాన్ని భరిస్తున్నవాళ్లలో తెలుగువాళ్ల వాటా చిన్నది కాదు.

ముందు ఖతారీల సంగతి. దోహాలో నాలుగైదేళ్ల ఖతారీ పిల్లల పళ్లు పరీక్షించిన అధ్యయనం ఒకటి 2016లో బీఎంసీ ఓరల్ హెల్త్ పత్రికలో వచ్చింది. నూటికి 89 మందికి పుచ్చుపళ్లున్నాయి. ఒక్కో బిడ్డకు సగటున 7.6 పాలపళ్లు దెబ్బతిన్నాయి. పాలపళ్లు మొత్తం ఇరవయ్యే. అంటే బడి మెట్టు ఎక్కకముందే మూడో వంతుకు పైగా పళ్లు పాడయ్యాయి. 12 నుంచి 14 ఏళ్ల పిల్లల మీద 2011-12లో జరిగిన సర్వేలో 2,113 మందిని చూశారు. 85 శాతం మందికి పుచ్చుంది. పన్నెండేళ్ల పిల్లల్లో దెబ్బతిన్న శాశ్వత దంతాల సగటు 4.62. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరానికల్లా ఈ సగటు మూడుకు మించకూడదని 1981లోనే లక్ష్యం పెట్టింది.

తలసరి ఆదాయంలో ప్రపంచపు ముందు వరసలో ఉన్న దేశం ఇది. పౌరులకు ప్రభుత్వ వైద్యం ఉచితం. హమద్ మెడికల్ కార్పొరేషన్ 1979 నుంచి ఉంది. ఇంటి పక్కన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే దంతవైద్యులుంటారు. అయినా పళ్లు ఇలా ఎందుకున్నాయి?

డబ్బు ఒక తరంలోనే వచ్చింది. ముత్యాల వేటతో, ఖర్జూరంతో, చేపలతో బతికిన సమాజం ఇది. తొలి చమురు ఓడ ఇక్కణ్ణుంచి కదిలింది 1949 డిసెంబరు 31న. ఏ సమాజంలోనైనా చేతిలో డబ్బు ఆడిన కొత్తలో చక్కెర ముందు వస్తుంది, బ్రష్షు ఆ తర్వాత వస్తుంది, ఏ నొప్పీ లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు అందరికంటే వెనక వస్తుంది. ఆ మధ్యకాలంలో పిల్లల నోళ్లు పాడవుతాయి. యూరప్‌లో చక్కెర చవకైనప్పుడు జరిగింది ఇదే. రంజాన్ సగంలో వచ్చే గరంగావ్ రాత్రి ఖతారీ పిల్లలు సంచులు మెడకు తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఒకప్పుడు ఆ సంచుల్లో పప్పులూ గింజలూ ఎక్కువ పడేవి. ఇప్పుడు కాగితాలు చుట్టిన చాక్లెట్లతో అవి బరువెక్కుతున్నాయి. ఏడాదికోసారి వచ్చే పండగను తప్పు పట్టాల్సిన పనిలేదు. రోజూ గంటకోసారి అందే తీపి సంగతే వేరు. స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940లలో మానసిక వికలాంగుల మీద, వాళ్ల అనుమతి లేకుండా చేసిన ప్రయోగాలు ఈ విషయం తేల్చాయి. భోజనంతో కలిపి తిన్న చక్కెర కంటే భోజనాల మధ్య నమిలిన, పళ్లకు అతుక్కునే టాఫీ ఎన్నో రెట్లు హాని చేస్తుంది. తేల్చిన పద్ధతి ఘోరం. తేలిన విషయం నిజం.

నీళ్ల సంగతీ ఉంది. ఖతార్‌లో తాగేది సముద్రపు నీళ్ల నుంచి ఉప్పు తీసిన నీళ్లు. ఆ శుద్ధిలో ఉప్పుతో పాటు ఫ్లోరైడూ దాదాపు పోతుంది. అందుకని పంటికి సహజంగా దొరికే రక్షణ ఒకటి ఇక్కడ తగ్గింది. దాన్ని టూత్‌పేస్టే భర్తీ చేయాలి.

సర్వేలు చెప్పే సగటును విప్పి చూడకపోతే అసలు కథ తెలియదు. అమెరికాలోని హేగర్స్‌టౌన్‌లో క్లైన్, పామర్ అనే పరిశోధకులు 1930లలో బడిపిల్లల పళ్లు లెక్కపెడుతూ ఒక కొలత తయారు చేశారు. పుచ్చిన పళ్లెన్ని, ఊడగొట్టినవెన్ని, సిమెంటు పెట్టినవెన్ని, మూడూ కలిపి ఒక అంకె. ప్రపంచమంతా ఇప్పటికీ వాడేది ఆ అంకెనే. నాలుగు పళ్లకూ శుభ్రంగా ఫిల్లింగ్ చేయించుకుని హాయిగా నమిలే పిల్లకు వచ్చేది నాలుగే. నాలుగు పళ్లూ కుళ్లి రాత్రిళ్లు బుగ్గ పట్టుకుని ఏడ్చే పిల్లకు వచ్చేదీ నాలుగే. రోగం లెక్కలో ఇద్దరూ సమానం. బతుకు లెక్కలో ఒకరికొకరు ఆమడ దూరం. ఆదాయం చేసే పని ఇక్కడే బయటపడుతుంది. ఉన్నవాళ్ల పిల్లల అంకెలో సిమెంటు పళ్ల వాటా ఎక్కువ, లేనివాళ్ల పిల్లల అంకెలో పుచ్చిన పళ్ల వాటా, పీకేసిన పళ్ల వాటా ఎక్కువ.

ఇక ఖతార్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు. ఇక్కడి జనాభాలో పదిలో తొమ్మిది వంతుల దాకా బయటి దేశాలవాళ్లే. వాళ్లలో పెద్ద సంఖ్య భారతీయులది. కంపెనీల్లో ఇంజినీర్లు, అకౌంటెంట్లు, నర్సులు, ఐటీవాళ్లు నజ్మా, మన్సూరా లాంటి పేటల్లో అపార్టుమెంట్లలో ఉంటారు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి జీతం అర్హత ఉంది. ప్రైవేటు ఉద్యోగికైతే సాధారణంగా పది వేల రియాళ్లుండాలి, కంపెనీ కుటుంబానికి ఇల్లిస్తే అంతకంటే తక్కువున్నా కుదురుతుంది. పైగా కూలి పని వీసా కాకూడదు.

ఆ అర్హత దాటిన ఇంట్లో లెక్క ఎలా ఉంటుందో చూడాలి. ఇంటి అద్దె, ఇండియన్ స్కూలు ఫీజు, బస్సు ఫీజు, ఇండియాలో కట్టుకుంటున్న ఇంటి ఈఎంఐ. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సులో పళ్లు చాలాసార్లు ఉండవు. ఉన్నా ఒక పరిమితి ఉంటుంది. విదేశీ నివాసికి ఏటా వంద రియాళ్లతో హెల్త్ కార్డు దొరుకుతుంది, దానితో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో తక్కువ ఖర్చుకే దంతవైద్యం అందుతుంది. కానీ అపాయింట్‌మెంటు దొరికే రోజుకీ, సెలవు దొరికే రోజుకీ పొసగదు. ప్రైవేటు క్లినిక్‌లో పిల్లాడికి రెండు రూట్ కెనాళ్లు, రెండు క్యాపులు అనగానే తల్లి మనసులో రియాలును రూపాయల్లోకి మార్చేస్తుంది. ఆ వెంటనే నోటికొచ్చే మాట దోహా తెలుగిళ్లలో అందరికీ తెలిసిందే: “సెలవుల్లో ఇండియా వెళ్తాం కదా, అక్కడే చూపిద్దాంలే.”

డిసెంబరులో కనబడిన చిన్న నల్ల మచ్చ జులై దాకా ఆగదు. పాలపంటి మీద ఎనామిల్ పల్చగా ఉంటుంది. లోపలి నరందాకా పుచ్చు చేరడానికి పెద్దవాళ్ల పంటిలో పట్టినంత కాలం పట్టదు. డిసెంబరులో ఒక్క ఫిల్లింగ్‌తో పోయేది జులైకి రూట్ కెనాలో, పీకడమో అవుతుంది. అప్పుడు ఆ నెల సెలవులో తిరుపతి, అత్తగారిల్లు, పెళ్లి, గృహప్రవేశం మధ్య పిల్లాణ్ణి నాలుగు సిట్టింగులకు తిప్పాలి. మధ్యలో టికెట్ తేదీ వచ్చేస్తుంది. తాత్కాలిక సిమెంటుతో విమానం ఎక్కిన పిల్లలు తక్కువేం కాదు. ఈ కుటుంబాలు పేదవి కావు. పేదరికానికీ నిశ్చింతకీ మధ్య ఇరుక్కున్నవి. పిల్లల పళ్ల మీద ఆదాయ ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు ఈ మధ్యవాళ్లను ఎవరూ పట్టించుకోరు.

ఇక బీమా సంగతి. పౌరుల కోసం 2013లో మొదలైన సెహా అనే ఆరోగ్య బీమా ప్రైవేటు క్లినిక్‌లకూ దారి తెరిచింది, కానీ 2015 చివరికే ఆగిపోయింది. విదేశీ ఉద్యోగులకు యజమానులే బీమా కట్టాలని 2021లో 22వ నంబరు చట్టం వచ్చింది. దాని కింద సందర్శకుల బీమా 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగుల పిల్లల పళ్లకు ఎలాంటి వైద్యం అందుతుందన్నది ఆ చట్టం కింద తయారయ్యే పాలసీల్లో రాసే ఒకటి రెండు పంక్తుల మీద ఆధారపడి ఉంటుంది.

అసలు ఆదాయపు నిచ్చెనలో కింది మెట్టు మీదున్నవాళ్ల పిల్లలు ఖతార్‌లో లేరు. ఈ ఉపన్యాసం చెప్పదలచింది ప్రధానంగా ఇదే. 2021 మార్చి 20 నుంచి ఖతార్‌లో కనీస వేతనం నెలకు వెయ్యి రియాళ్లు. తిండీ వసతీ యజమాని ఇవ్వకపోతే వాటికి విడిగా మరో 300, 500 కలపాలి. ఆ వెయ్యి రియాళ్లు ఇరవై వేల రూపాయలకు పైనే. ఆ జీతంతో ఎవరికీ ఫ్యామిలీ వీసా రాదు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో బంకు మంచం మీద పడుకునే జగిత్యాల తండ్రి పిల్లలు జగిత్యాలలోనే ఉంటారు. ఖతారీ ఇంట్లో వంటచేసే కోనసీమ తల్లి పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. అందుకే ఖతార్‌లో పిల్లల పళ్ల మీద ఎంత మంచి సర్వే చేసినా, ఆ దేశాన్ని కట్టిన అతి తక్కువ జీతగాళ్ల పిల్లలు అందులో పడరు. వాళ్ల నోళ్లు సిరిసిల్లలో, కామారెడ్డిలో, నిజామాబాదులో, రాయచోటిలో ఉన్నాయి. ఇటు తెలుగు రాష్ట్రాల సర్వేల్లో వాళ్లు మామూలు పల్లె పిల్లలుగానే లెక్కకొస్తారు, తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడన్న గడి ఉండదు. రెండు దేశాల లెక్కల్లోనూ ఆ కుటుంబం ఆదాయానికీ ఆ బిడ్డ పంటికీ ఉన్న లంకె తెగిపోయింది.

ఛుట్టీ మీద ఊరికి బయల్దేరేవాడి కార్టన్‌ను ఒకసారి దగ్గరగా చూస్తే ఆ లంకె కనిపిస్తుంది. తాడుతో అడ్డంగా నిలువుగా కట్టి, పైన మార్కర్ పెన్నుతో పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసిన అట్టపెట్టె అది. లోపల దుప్పటి, సబ్బులు, సెంటు సీసాలు, నిడో పాలపొడి డబ్బా, ట్యాంగ్ డబ్బా, కిలోల కొద్దీ చాక్లెట్లు. రెండేళ్లు ముఖం చూపించని తండ్రి ఆ చాక్లెట్లతోనే బిడ్డకు దగ్గరవుతాడు. ఆ ప్రేమను వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. ఆ పెట్టెలో టూత్‌పేస్టు ఉంటే అది సాధారణంగా పెద్దవాళ్ల కోసం. తండ్రి తిరిగి వెళ్లాక తీపి ఆగదు. గల్ఫ్ డబ్బుతో ఇంట్లో చిల్లర ఆడుతుంది, కిరాణా కొట్టులో అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు రోజూ కొనిపెట్టడం నాయనమ్మకు కష్టం కాదు. తండ్రి పంపిన డబ్బు ముందు ఏజెంటు అప్పుకు, వడ్డీకి పోతుంది, తర్వాత ఇంటికి, పెళ్లికి. పిల్లాడి పన్ను ఆ వరసలో చివర్న ఉంటుంది. “పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే” అని లవంగం పెడతారు.

ఊడిపోయేవే, నిజమే. కానీ వెనకాల ఉండే పాలదవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు జరిగి, రావలసిన పన్నుకు చోటు మిగలదు. ఆరేళ్లప్పుడు మొదటి శాశ్వత దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే అన్నిటి వెనకా వస్తుంది. అదీ పాలపన్నే అనుకుని చాలామంది వదిలేస్తారు. నాయనమ్మ వదిలేసిన ఆ పన్ను పిల్లాడికి జీవితాంతం ఉండవలసిన పన్ను.

ఊళ్లో వైద్యం ఎంతవరకు అందుతుంది? 2002-03 జాతీయ దంత ఆరోగ్య సర్వేలో దేశంలో అయిదేళ్ల పిల్లల్లో సగం మందికి పైగా, పన్నెండేళ్ల పిల్లల్లో దాదాపు 54 శాతానికి పుచ్చుపళ్లు కనిపించాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వెళ్లే వైద్య బృందాలు చూడవలసిన జబ్బుల జాబితాలో పుచ్చుపళ్లూ ఉన్నాయి. చూస్తారు, చీటీ రాస్తారు. ఆ చీటీ పట్టుకుని బస్సెక్కి పట్నానికి వెళ్లి, ఒక రోజు కూలి పోగొట్టుకునే పెద్దమనిషి ఇంట్లో ఉండాలి. అరవై ఏళ్ల నాయనమ్మ ఒక్కసారి వెళ్లగలదు, నాలుగుసార్లు వెళ్లలేదు. అందుకే ఒక్క రోజులో తేలిపోయే పని, పీకించెయ్యడం, గెలుస్తుంది.

పుచ్చు రాకుండా పంటిని కాపాడేది ఫ్లోరైడే అయినా, తెలుగు నేలకు దాని పేరు వింటేనే భయం, ఆ భయానికి కారణముంది. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి ఆ పరిశోధన రాశారు. ఆ తర్వాత నల్గొండ పేరు దేశమంతా మోగింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిపోయిన ఎముకలు, మచ్చలు పడ్డ పళ్లు రెండు మూడు తరాల బాధ. మిషన్ భగీరథ నదినీళ్లు వచ్చాకే కాస్త ఊరట. అయితే బోరునీళ్లలో ఏళ్ల తరబడి కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వేరు, పంటి మీద రాసి ఉమ్మేసే పేస్టులో ఉన్న ఫ్లోరైడ్ వేరు. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత పేస్టు చాలు. భయపడి ఫ్లోరైడ్ లేని ఎర్ర పళ్లపొడికి మళ్లితే నష్టపోయేది బిడ్డే.

లోకంలో మార్పు ఎలా వచ్చిందో రెండు చోట్లు చూస్తే చాలు. స్కాట్లండ్‌లో 2003లో బడిలో చేరే పిల్లల్లో పుచ్చు కనిపించనివాళ్లు 45 శాతమే. చైల్డ్‌స్మైల్ పేరుతో నర్సరీల్లో టీచర్లే దగ్గరుండి పిల్లల చేత రోజూ పళ్లు తోమించడం మొదలుపెట్టారు, పేద పేటల పిల్లలకు ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు. 2020కి ఆ 45 శాతం 73 దాటింది. బాగా పేద ప్రాంతాల్లో అది దాదాపు 58, సంపన్న ప్రాంతాల్లో దాదాపు 87. అందరూ మెరుగుపడ్డారు, అంతరం తగ్గింది, కానీ పోలేదు. రెండోది అమెరికా. 2007 ఫిబ్రవరిలో మేరీలాండ్‌లో పన్నెండేళ్ల పేద బాలుడు పుచ్చుపంటి చీము మెదడుకు పాకి చనిపోయాడు. ఆ పన్ను పీకడానికి అయ్యేది ఎనభై డాలర్లు. అతని కుటుంబానికి ప్రభుత్వ బీమా మధ్యలో ఆగిపోయింది. రెండేళ్లకు, 2009లో, పిల్లల బీమా పథకంలో దంతవైద్యం తప్పనిసరి చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో పేద పిల్లల్లో వైద్యం అందని పుచ్చు తగ్గింది. పుచ్చు రావడం మాత్రం ఇప్పటికీ ఉన్నవాళ్ల పిల్లల్లో కంటే పేద పిల్లల్లోనే ఎక్కువ. బీమా రెండో ప్రశ్నకే జవాబు చెప్పగలదు. మొదటి ప్రశ్నకు నర్సరీలో టూత్‌బ్రష్షే దిక్కు.

ఖతార్‌కు ఈ విషయం తెలుసు. ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ సంస్థ అస్నానీ పేరుతో కిండర్‌గార్టెన్లలో, బడుల్లో పిల్లల పళ్లు చూసి ఫ్లోరైడ్ పూస్తోంది. పసుపచ్చని జిగట మందును చిన్న బ్రష్షుతో పంటిపంటికీ రాస్తారు. సూది లేదు, డ్రిల్లు లేదు. కొన్ని గంటలు గట్టి తిండి పెట్టకపోతే చాలు. 2019 జనవరి నుంచి శీతల పానీయాల మీద యాభై శాతం పన్ను వేసింది. కానీ సాయంత్రపు తీపి కరక్ టీకి, చాక్లెట్‌కు అది వర్తించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ టూత్‌పేస్టునూ, పుచ్చును అక్కడికక్కడే ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌నూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆ రెండో మందు పుచ్చిన చోటును నల్లగా మారుస్తుంది, అందం తగ్గిస్తుంది. అయితే నొప్పి లేకుండా, కుర్చీ కూడా లేకుండా, ఒక్క చుక్కతో పని కానిస్తుంది. పట్నానికి నాలుగుసార్లు తిరగలేని నాయనమ్మకు ఇంతకంటే పనికొచ్చే మందు ఇంకొకటి లేదు. జగిత్యాల, సిరిసిల్ల అంగన్‌వాడీలకు ఇది చేరాలి.

దోహాలో తెలుగు సంఘాలు ఏటా కార్మికులకు హెల్త్ క్యాంపులు పెడుతున్నాయి. బీపీ, షుగర్ చూస్తున్నాయి, మంచి పనే. ఆ క్యాంపుకు వచ్చిన తండ్రిని, ఊళ్లో పిల్లాడి వయసెంత, రాత్రి పళ్లు తోముతున్నాడా, పంటి నొప్పి అని ఎప్పుడైనా అన్నాడా అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. వీడియో కాల్‌లో “ఏదీ, నోరు తెరువు నాన్నా” అంటే ముందుపళ్ల మీద తెల్లటి గీత, గోధుమ మచ్చ ఫోన్లోనే కనబడతాయి. ఇటు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు బడిపిల్లల స్క్రీనింగ్ చీటీలో తల్లిదండ్రులు విదేశంలో ఉన్నారా అన్న ఒక్క గడి చేర్చాలి. ఆ గడి నిండిన రోజున గల్ఫ్ కుటుంబాల పిల్లల్లో ఎన్ని పళ్లు పుచ్చాయో, వాటిలో ఎన్నిటికి సిమెంటు పడిందో, ఎన్ని పీకేశారో జిల్లాలవారీగా తెలుస్తుంది.